క నుంచి క దాకా 256 అడుగులు

ఈసారి కొంచెం పెద్ద వ్యాసమే. టీ పెట్టుకుని కూర్చోండి.

కంప్యూటరుకి అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. మనం ఫోనులో ‘క’ అని కొడితే అది 3093 అని రాసుకుంటుంది. మన పక్కింటి ఒడియా మిత్రుడు తన భాషలో ‘క’ కొడితే 2837 అని రాసుకుంటుంది. రెండింటికీ తేడా 256. ఇప్పుడు ‘గ’ చూడండి, ‘మ’ చూడండి, ‘ళ’ చూడండి. దాదాపు ఏ అక్షరం తీసుకున్నా తెలుగు నెంబరులోంచి 256 తీసేస్తే అదే పలుకు ఉన్న ఒడియా అక్షరం వస్తుంది. బడాబజారులో రెండు దుకాణాలు గోడ కలుపుకుని ఉన్నట్టు, కంప్యూటరు లోపల కూడా ఒడియా, తెలుగు అంత దగ్గరగా ఉన్నాయి. మధ్యలో ఇంకెవరూ లేరు అనుకునేరు, తమిళం ఉంది. ఒడియా 2816 దగ్గర మొదలవుతుంది, తమిళం 2944 దగ్గర, మనది 3072 దగ్గర. ఒక్కో భాషకీ 128 గదులు.

ఇది యాదృచ్ఛికం కాదు. 1980ల్లో మన దేశంలో కంప్యూటర్లకి భారతీయ భాషలు నేర్పించే పని మొదలైనప్పుడు, కాన్పూరు ఐఐటీలోనూ ఆ తర్వాత పుణెలోని సీడాక్‌లోనూ పనిచేసినవాళ్ళు ఒక మంచి సంగతి పట్టుకున్నారు. మన లిపులన్నీ బ్రాహ్మి సంతానమే కదా, వరస అంతా క ఖ గ ఘ ఙ కదా, అలాంటప్పుడు అన్నిటికీ ఒకే పట్టిక చాలు అని. ఆ పట్టిక పేరు ఇస్కీ. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ దాన్ని ప్రమాణంగా ప్రకటించింది. అదే ఏడాది అక్టోబరులో ప్రపంచం మొత్తానికీ కలిపి యూనికోడ్ మొదటి కూర్పు వచ్చింది. వాళ్ళు మన దేశపు లిపులకి ఆ పాత పట్టిక వరసనే తీసుకుని, ఒక్కో లిపికీ ఒక్కో వాటా కేటాయించారు. అందుకే ఈ 256. కీబోర్డు సంగతీ అంతే. ప్రభుత్వం వారి ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో ఇంగ్లీషు ‘కె’ మీట నొక్కితే తెలుగులో క, ఒడియాలోనూ క. ఒకటి నేర్చుకున్నవాడికి రెండోది సగం వచ్చేసినట్టే.

మరి ఇంత చక్కగా కాగితం మీద కుదిరిన ఏర్పాటు మన బరంపురంలో మన కళ్ళ ముందు ఎలా నడిచింది? ఆ కథ చెప్పాలనే ఇదంతా. గంజాం నుంచి చూస్తే అది హైదరాబాదు వాళ్ళు చెప్పే కథలా ఉండదు.

1936 ఏప్రిల్ 1 దాకా మనం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాం. ఈ ఊళ్ళో రెండు భాషలూ పక్కపక్కనే బతికాయి, పక్కపక్కనే అచ్చయ్యాయి. శశిభూషణ్ రథ్ గారు 1913లో ఇక్కడి నుంచే ‘ఆశ’ పత్రిక మొదలుపెట్టారు. సీసపు అచ్చుల కాలంలో రెండు భాషలు అచ్చు వెయ్యాలంటే రెండు రకాల అక్షరాల అరలు ఉండాలి, రెండూ చదవగల కంపోజిటరు ఉండాలి. మన పెద్దలు అలాంటి మనుషుల గురించి చెప్పేవారు. తెలుగు పెళ్ళి శుభలేఖ ఒక చేత్తో, ఒడియా నాటకం కరపత్రం ఇంకో చేత్తో కూర్చేవారట. ఆ మనిషి పోయాక ఆ పని కంప్యూటరుకి వచ్చింది. అక్కడే మన కష్టాలు మొదలు.

1990ల్లో డీటీపీ సెంటర్లు వచ్చాయి. గిరి రోడ్డు పొడుగునా బోర్డులే. కానీ ఆ సెంటర్లలో ఉండేది ఇంగ్లీషు, ఒడియా. తెలుగు కావాలంటే సాఫ్ట్‌వేరు వేరుగా కొనాలి, దానికో తాళం ముక్క కంప్యూటరు వెనకాల గుచ్చాలి, తెలుగు టైపు వచ్చినవాడిని పెట్టుకోవాలి. ఏడాదికి పది శుభలేఖల కోసం ఎవడు పెడతాడు? అందుకని మన సంఘం ఉగాది సంచిక రాతప్రతులు సంచీలో పెట్టుకుని ఇచ్ఛాపురం బస్సెక్కేవాళ్ళం. పాతిక కిలోమీటర్ల దూరం, రాష్ట్రం దాటితే తెలుగు కంపోజింగు దొరికేది. ప్రూఫులు దిద్దడానికి మళ్ళీ ఒకసారి, ఫిల్ము తేవడానికి ఇంకోసారి. అప్పట్లో అందరం అది మామూలే అనుకున్నాం.

ఇక్కడ ఒక చిన్న సాంకేతిక సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాత చెప్పేది అర్థం కాదు. ఆ రోజుల్లో డీటీపీ తెలుగు నిజంగా తెలుగు కాదు. లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాల నెంబర్లే. ఫాంటు చేసినవాళ్ళు ఇంగ్లీషు ‘ఏ’ బొమ్మ ఉండాల్సిన చోట తలకట్టు బొమ్మ, ‘బి’ ఉండాల్సిన చోట ఇంకో ముక్క, అలా బొమ్మలు మార్చేశారు. కంటికి తెలుగు. కంప్యూటరుకి మాత్రం పిచ్చి ఇంగ్లీషు. ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా మార్చింది, కాబట్టి ఒకరి ఫైలు ఇంకొకరి దగ్గర తెరుచుకోదు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో మన ఉగాది కవిత తెరిస్తే చదరపు గుర్తులూ డాలరు గుర్తులూ పైన చుక్కలున్న ఫ్రెంచి అక్షరాలూ కనిపిస్తాయి. దేశంలో డీటీపీ భాషలన్నీ ఇంతే. ఒడియా మిత్రులదీ ఇదే బాధ. ప్రమాణం 1991లోనే వచ్చింది, దాన్ని వాడాల్సిన అచ్చు రంగం మాత్రం పదేళ్ళు కాదు, ఇరవై ఏళ్ళకి పైగా దాని జోలికి పోలేదు.

ఇంతలో ఇంటర్నెట్టు వచ్చింది. 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ పెద్ద నగరాల్లో మామూలు జనానికి ఇచ్చింది, మన దాకా రావడానికి ఇంకొన్నేళ్ళు పట్టింది. కానీ తెలుగు అంతకు ముందే అమెరికాలో ఇంటర్నెట్టు ఎక్కేసింది. రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ గార్లు తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాయడానికి ఒక పద్ధతి పెట్టారు. దాన్నే ఆర్టీఎస్ అంటారు. చిన్న ‘ఎల్’ అయితే ల, పెద్ద ‘ఎల్’ అయితే ళ. చిన్న ‘ఎన్’ న, పెద్ద ‘ఎన్’ ణ. చూడటానికి వికారంగా ఉన్నా పట్టుదల ఉన్నవాళ్ళు పద్యాలకు పద్యాలే అందులో కొట్టిపెట్టారు. 1998లో ‘ఈమాట’ పత్రిక మొదలైంది. 2000 ప్రాంతంలో తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన ఫాంట్లు చేసి ఊరికే పంచిపెట్టారు. ఈ ముగ్గురి పేర్లూ మన సభల్లో ఒక్కసారైనా చెప్పుకోవలసినవి. దండలు వేయించుకున్నవాళ్ళ కంటే వీళ్ళు మనకి ఎక్కువ చేశారని మా అభిప్రాయం.

బరంపురం నెట్ సెంటరులో మాత్రం సీను వేరు. గంటకి ఇంతని డబ్బిచ్చి కూర్చుంటాం. తెలుగు దినపత్రిక తెరుస్తాం. ఒక్కో పత్రికకీ ఒక్కో సొంత ఫాంటు, ముందు అది దించుకోమంటుంది. ఫాంటు ఎక్కించడానికి నెట్ సెంటరు అబ్బాయి ఒప్పుకోడు, వైరస్ వస్తుందంటాడు. కొన్ని సైట్లు ఫాంటుని తామే పంపేవి, అది ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరులోనే పనిచేసేది, ఫైర్‌ఫాక్సులో తెరిస్తే మళ్ళీ డాలరు గుర్తులే. ఆ బాధ చూసే వెన్న నాగార్జున గారు ‘పద్మ’ అని ఫైర్‌ఫాక్సుకి ఒక తోక తగిలించారు. అది ఏ పత్రిక ఫాంటు చిక్కునైనా విప్పి యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపించేది. 2003 డిసెంబరు 10న తెలుగు వికీపీడియాకి పునాది వేసిందీ ఆయనే. తర్వాత వీవెన్ గారి ‘లేఖిని’ వచ్చాక రాయడం కూడా సుళువైంది. ఒక కిటికీలో ఇంగ్లీషు అక్షరాలు కొడితే పక్క కిటికీలో తెలుగు పడుతుంది. మనలో చాలామంది తెరమీద మొదటి తెలుగు వాక్యం రాసింది అందులోనే.

ఇప్పుడొక తమాషా. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో తెలుగు ఉంది, ‘గౌతమి’ అనే ఫాంటుతో. ఒడియా లేదు! ఒడియాకి ‘కళింగ’ ఫాంటు వచ్చింది తర్వాతి విస్టాతో, అంటే 2007 ప్రాంతానికి. ఒడిశా నడిబొడ్డున కంప్యూటరు ముందు కూర్చుంటే, రాష్ట్ర భాష పెట్టెలు పెట్టెలుగా కనిపించేది, అల్పసంఖ్యాకుల భాష అక్షరాలుగా కనిపించేది. అలాగని మనకీ ఊరికే రాలేదు. కంట్రోల్ ప్యానెల్లోకి వెళ్ళి, ప్రాంతమూ భాషా అన్న చోట తెరిచి, కాంప్లెక్స్ స్క్రిప్టుల గడిలో టిక్కు పెట్టాలి. అప్పుడది ఎక్స్‌పీ సీడీ పెట్టమంటుంది. అసలు సీడీ బరంపురంలో ఎంతమంది దగ్గర ఉండేదో మీకూ తెలుసు, మాకూ తెలుసు. ఆ విషయం వదిలేద్దాం.

అయినా ఒడియా మిత్రులు ఊరుకోలేదు. వాళ్ళ వికీపీడియా 2002 జూనులోనే మొదలైంది, మనకంటే ఏడాదిన్నర ముందు. సరైన ఫాంటు లేకుండానే! చాలా ఏళ్ళు అది నిద్రలోనే ఉందనుకోండి, ఆ తర్వాత కుర్రాళ్ళు లేచి నిలబెట్టారు. ఇంకో విచిత్రం కూడా చెప్పాలి. 2011లో చట్టం ప్రకారం ఒరిస్సా ఒడిశా అయింది, ఒరియా ఒడియా అయింది. బండి నెంబర్లు కూడా ఓఆర్ పోయి ఓడీ అయ్యాయి. యూనికోడ్ పట్టికలో మాత్రం ఇప్పటికీ ఒరియా అనే ఉంది. ఒకసారి పెట్టిన అక్షరం పేరు ఎప్పటికీ మార్చకూడదని వాళ్ళకో నియమం. రాజ్యాంగాన్ని సవరించవచ్చు, దాన్ని సవరించలేం.

పేర్ల గొడవ వచ్చింది కాబట్టి మన ఊరి పేరు సంగతీ చూద్దాం. మనం బరంపురం అంటాం. ఒడియాలో బ్రహ్మపుర. రైల్వే స్టేషను బ్రహ్మపుర్. ఇంగ్లీషులో బెర్హంపూర్. తెలుగు పత్రికల వాళ్ళు విజయనగరంలో ఒకలా, హైదరాబాదులో ఇంకొకలా రాస్తారు. బరంపురం, బరంపూర్, బెర్హంపూర్, బర్హంపూర్, బ్రహ్మపూర్. మనిషి చదివితే ఇవన్నీ ఒకే ఊరు. వెతికే యంత్రానికి ఇవి అయిదు ఊళ్ళు. అది చాలదన్నట్టు బెంగాల్లో ముర్షిదాబాద్ జిల్లా కేంద్రం కూడా బెర్హంపూరే. వాళ్ళు ఇంగ్లీషులో చివర ఒకటి రెండు అక్షరాలు తేడాగా రాసుకుంటారు, అంతే. పోనీ పట్టు చీరలు అని కలిపి వెతుకుదామంటే ముర్షిదాబాదూ పట్టుకే ప్రసిద్ధి! మన దేరా వీధి నేతగాళ్ళ చీర కోసం వెతికినవాడు బెంగాల్ చీర కొనుక్కుంటాడు. మన పిన్‌కోడు 760001, వాళ్ళది 742101. అంకెలు ఒక్కటే మనల్ని కాపాడుతున్నాయి.

నవ్వులాటలా ఉంది కదూ. 2013 అక్టోబరు 12 రాత్రి నవ్వులాటగా లేదు. ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. కరెంటు లేదు, ఫోన్లు లేవు. విశాఖలో, బెంగళూరులో, అమెరికాలో ఉన్న మన పిల్లలు రాత్రంతా కంప్యూటర్ల ముందు కూర్చుని మన ఊరి పేరు తెలుగులో కొట్టి వెతికారు. ఒక్కో రకంగా రాస్తే ఒక్కో ముక్క వార్త దొరికింది. ఇంగ్లీషులో కొడితే మధ్యమధ్య బెంగాల్ ఊరు వచ్చి పడింది. బడాబజారులో నీళ్ళున్నాయా, హిల్‌పట్నాలో చెట్లు పడ్డాయా, గోపాల్‌పూర్ నోళియా పేటలో మనవాళ్ళు క్షేమమా అని తెలుగులో అడిగినవాడికి తెలుగులో సమాధానం చెప్పే ఒక్క పుట కూడా నెట్టులో లేదు. మన సంఘం కబుర్లు అప్పటికి ఎన్నో ఏళ్ళుగా నెట్టులో పెడుతూనే ఉన్నాం. కానీ అవన్నీ బొమ్మలు. డీటీపీలో చేసి, బొమ్మగా మార్చి ఎక్కించినవి. బొమ్మలో ఉన్న ‘బరంపురం’ని వెతికే యంత్రం ఆ రోజుల్లో చదవలేదు. కాబట్టి దాని లెక్కలో బరంపురంలో తెలుగువాళ్ళు లేరు.

సంక్షిప్త సందేశాల బాధ కూడా అలాంటిదే. ఇంగ్లీషులో ఒక ఎస్సెమ్మెస్‌కి 160 అక్షరాలు. ఒక్క తెలుగు అక్షరం చేరితే చాలు, మొత్తం సందేశానికి 70 అయిపోతుంది. అందులోనూ మనం ఒక అక్షరం అనుకునేదాన్ని యంత్రం ముక్కలుగా లెక్కపెడుతుంది. ‘లక్ష్మి’ అన్న పేరులో మన కంటికి రెండే అక్షరాలు, దానికి ఏడు. క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి, అన్నీ వేరు వేరు. ‘శ్రీ వేంకటేశ్వర కల్యాణ మహోత్సవానికి’ అనేసరికి సగం సందేశం అయిపోయేది. సభ్యులందరికీ తెలుగులో పంపితే రెండు మూడు సందేశాల ఖర్చు. అందుకని కోశాధికారులు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు పంపడం మొదలుపెట్టారు. ఆ అలవాటు అలాగే వాట్సప్‌లోకి వచ్చేసింది. వాట్సప్‌లో అక్షరానికి ఖర్చు లేదు, అలవాటు మాత్రం పోలేదు.

ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు సరిగ్గా కనబడటం 2012లో 4.1 కూర్పుతో మొదలైంది. గూగుల్ అనువాదంలో తెలుగు 2011లో చేరింది, ఒడియా 2020 దాకా ఆగింది. ఇలా మెల్లమెల్లగా అన్నీ సర్దుకుంటున్నాయి అనుకుంటూ ఉండగా 2018 ఫిబ్రవరిలో తెలుగు ప్రపంచ వార్తల్లోకెక్కింది. ఏదైనా గొప్ప పనికి కాదు. ఒక తెలుగు అక్షరం పంపితే ఐఫోన్లు చచ్చిపోతున్నాయని! ఆ అక్షరం ‘జ్ఞా’. పాపం మామూలుగా ‘జ్ఞాపకం’ అని రాస్తే ఏమీ కాదు. ఒత్తుకీ దీర్ఘానికీ మధ్య కంటికి కనబడని ఒక విడదీసే గుర్తు పడితే యాపిల్ వారి అక్షరాలు గీసే యంత్రం తికమకపడి కూలిపోయేది. ఇలాంటి కూర్పులు బెంగాలీలో, దేవనాగరిలో కూడా ఉన్నాయి, పేరు మాత్రం తెలుగుకే వచ్చింది. ఫిబ్రవరి 19న 11.2.6 కూర్పుతో సరిచేశారు. జ్ఞానాన్ని చూసి యంత్రం మూర్ఛపోయిందని అప్పట్లో మన సాయంత్రం బల్ల దగ్గర జోకులు బాగానే పేలాయి.

సరే, ఫాంట్లు వచ్చాయి, ఫోన్లు వచ్చాయి. ఇప్పుడు తెలుగు రాయడానికి బరంపురంలో ఎవరికీ అడ్డు లేదు. అసలు చిక్కు ఇప్పుడు తెలిసింది. అక్షరాలు వచ్చేలోపు చదివేవాళ్ళు వెళ్ళిపోయారు.

ఎక్కడికీ కాదు, ఇంట్లోనే ఉన్నారు. మన ఇళ్ళల్లో ఇరవై ఏళ్ళ లోపు పిల్లల్ని చూడండి. అమ్మమ్మతో తెలుగు గడగడా మాట్లాడతారు. మన తెలుగే, ‘ఏటి’ ‘గావాల’ అన్నీ ఉంటాయి. బడిలో చదివింది ఒడియా, ఇంగ్లీషు, హిందీ. తెలుగు అక్షరం రాదు. ఏ ఆన్‌లైన్ ఫారం నింపినా రాష్ట్రం దగ్గర ఒడిశా అని ఎంచుకోగానే భాష దగ్గర ఒడియా అని దానంతట అదే పడుతుంది. ఒక ఫారంలో మేము మార్చబోతే అక్కడ తెలుగు అన్న మాటే లేదు. మార్చడం ఎందుకని ఊరుకుంటాం. ఆ ఊరుకున్నవన్నీ ఎక్కడో లెక్కలో చేరతాయి, ఫలానా చోట తెలుగు అడిగేవాళ్ళు లేరు అని.

కిందటేడాది సంఘం సమావేశంలో ఒక కుర్రాడు లేచి, ఉగాది పిలుపు ఒడియా అక్షరాల్లో కూడా వెయ్యండి అన్నాడు. ఒడియా భాషలో కాదు. భాష తెలుగే, అక్షరాలు ఒడియావి. గొడవ అయింది. పెద్దాయన ఒకరు కుర్చీ వెనక్కి తోసి లేచిపోయారు. ఎనభై ఏళ్ళు తెలుగు బోర్డు పీకకుండా కాపాడుకున్నది ఇందుకా అన్నారు. ఆయన కోపంలో న్యాయం ఉంది. మా అభిప్రాయం మాత్రం కుర్రాడి పక్షమే. ఎందుకో చెప్తాం.

మన జిల్లాలోనే ఒక మహానుభావుడు ఈ పని వందేళ్ళ క్రితం చేశాడు. గిడుగు రామమూర్తి పంతులు గారు. పర్లాకిమిడి అప్పుడు గంజాం జిల్లాలోదే. ఆయన్ని మనం వాడుక భాష కోసం తలుచుకుంటాం, ఆగస్టు 29న దండ వేస్తాం. కానీ ఆయన సవర భాష నేర్చుకుని, దానికి లిపి లేకపోతే తెలుగు అక్షరాల్లో సవర పుస్తకాలు రాశారు, సవర పిల్లలకి బడి పెట్టారు. 1931లో ఇంగ్లీషులో సవర భాషా వివరణ గ్రంథం ప్రచురించారు. సవర పిల్లవాడు తెలుగు అక్షరంలో తన మాట చదువుకున్నంత మాత్రాన అది తెలుగు అయిపోలేదు, సవరగానే ఉంది. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరాక పంతులు గారు రాజమండ్రి వెళ్ళిపోయారు. సరిగ్గా ఆ 1936లోనే మంగేయ్ గొమాంగో అనే ఆయన సవర భాషకి సొంత లిపి తయారుచేశారు. సొర సొంపెంగ్ అంటారు. అది 2012లో యూనికోడ్‌లో చేరింది. దాని నెంబర్లు 69840 దగ్గర మొదలవుతాయి, మనకి చాలా దూరం. తెలుగు అక్షరాల్లో కొన్నాళ్ళు ఉన్నందువల్ల సవరకి సొంత లిపి రాకుండా పోలేదు కదా.

ఒడియా అక్షరాలు మన భాషకి సరిపోతాయా అని కూడా అడిగారు. చాలావరకు సరిపోతాయి. హిందీవాళ్ళలా ఒడియావాళ్ళు పదం చివరి అచ్చుని మింగెయ్యరు. ‘ళ’ ఉంది. పనీ తేలికే, ఒక లిపిలోంచి ఇంకో లిపికి మార్చిపెట్టే ‘అక్షరముఖ’ లాంటి ఉచిత సాధనాలున్నాయి. అవి లేకపోయినా 256 తీసివేత ఉంది కదా. మన పిల్లల్లో కంప్యూటరు చదివినవాడు ఒక మధ్యాహ్నంలో రాసి చూపించాడు. సంచిక మొత్తం క్షణంలో మారిపోయింది.

మారినదాన్ని చదువుతుంటే అక్కడక్కడా చిన్న చుక్కల గుండ్రాలు, పెట్టెలు. ఎక్కడెక్కడా అని చూస్తే ‘ఎ’, ‘ఒ’ ఉన్న ప్రతిచోటా. తెలుగు ‘ఎ’ 3086. అందులోంచి 256 తీస్తే 2830. యూనికోడ్ పట్టికలో ఒడియా వాటాలో ఆ గది ఖాళీ. ‘ఒ’ గది 2834 కూడా ఖాళీ. ఒడియాలో హ్రస్వ ఎ, హ్రస్వ ఒ వేరుగా లేవు, అందుకని ఆ గదులు ఖాళీగా ఉంచారు. వాటి గుర్తులకీ అంతే, ఎత్వం లేదు, ఒత్వం లేదు. చిత్రం ఏమిటంటే ‘తెలుగు’ అన్న మాటలోనే మొదటి అక్షరానికి ఎత్వం ఉంది. మన భాష పేరే ఆ దారిలో సరిగ్గా వెళ్ళలేదు. ఒడియా మిత్రులు మనల్ని ‘తేలుగు’ అని ఎందుకు అంటారో అర్థమైంది.

కుర్రాడు దిద్దాడు. ఖాళీ గది తగిలితే పక్కనున్న దీర్ఘం వెయ్యమన్నాడు. అప్పుడు ‘వచ్చే నెల’ కాస్తా ‘వచ్చే నేల’ అయింది. ‘మెడ నొప్పి’ ‘మేడ నొప్పి’ అయింది. పెళ్ళి పేళ్ళి అయింది. పెద్దవాళ్ళం తలలు పట్టుకున్నాం. పిల్లల చేత చదివిస్తే వాళ్ళు ఆగనే ఆగలేదు. ‘వచ్చే నేల’ అని ఉన్నచోట ‘వచ్చే నెల’ అనే చదివారు. వాళ్ళకి మాట వచ్చు కదా, అక్షరం తప్పినా నోరు తప్పలేదు. ఒక్క ఇంటిపేర్ల దగ్గరే తడబడ్డారు. ఇంటిపేర్లకి ఆసరాగా పక్కన వాక్యం ఉండదు. అందుకని మేము ఇంటిపేర్లు రెండు లిపుల్లోనూ వేశాం. ఆ పక్కపక్కన వేసినవి చూసి ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి ‘ఒహో, ఇది క, ఇది కూడా క’ అంటూ తెలుగు అక్షరాలు గుర్తుపట్టడం మొదలుపెట్టింది. మేమెవరం ఆ అమ్మాయికి నేర్పలేదు. లేచిపోయిన పెద్దాయన ఆ అమ్మాయికి తాతయ్యే. ఆయన ఇప్పుడు కూడా ఒప్పుకోలేదు, కాకపోతే ఆ కాగితం అడిగి తీసుకెళ్ళారు.

ఇక పాత సంచికల సంగతి. 1990ల నుంచి మన సంచికల ఫైళ్ళు ఫ్లాపీల్లో కొన్ని, సీడీల్లో కొన్ని ఉన్నాయి. సీడీలకి బూజు పట్టింది. తెరుచుకున్నవి పేజ్‌మేకర్ ఫైళ్ళు, ఫాంటు ఏదో తెలియదు, చేసిన సెంటరు మూసేశారు. అందులో మనకి ఇప్పుడు లేని పెద్దల వ్యాసాలున్నాయి. ఠాకురాణి యాత్ర మీద ఉన్నవి, దేరా వీధి మగ్గాల మీద ఉన్నవి, ఖల్లికోట కాలేజీ తెలుగు నాటకాల మీద ఉన్నవి. విచిత్రం చూడండి, 1930ల నాటి అచ్చు కాగితం ఇవాళ్టికీ చదవగలం, 1998లో కంప్యూటరులో దాచింది చదవలేకపోతున్నాం. అచ్చు ప్రతులు ఉంటేనే దారి. ఫోనుతో ఫోటో తీస్తే తెలుగు అక్షరాలు గుర్తుపట్టే సాధనాలు ఇప్పుడు బాగానే పనిచేస్తున్నాయి, ఒత్తుల దగ్గర మనం దిద్దుకోవాలి.

అందుకని ఒక విన్నపం. మీ అటకల మీద, పాత పెట్టెల్లో మన ఉగాది సంచికలు ఏవైనా ఉంటే, ముఖ్యంగా 2005కి ముందువి, అట్ట చిరిగినా సరే తీసుకురండి. ప్రతి ఆదివారం సాయంత్రం సంఘం గదిలో ఇద్దరు పిల్లలు, ఒక ఫోనూ, దిద్దడానికి మేమూ ఉంటాం. పుస్తకం మీకు ఆ సాయంత్రమే తిరిగి ఇచ్చేస్తాం. దిద్దడానికి కళ్ళు బాగున్న పెద్దలు ఇంకో ఇద్దరు కావాలి. కంప్యూటరు రాకపోయినా పరవాలేదు, ‘నెల’కీ ‘నేల’కీ తేడా తెలిస్తే చాలు.